పొగ లేని నిప్పు

"బాయిలర్‌ను స్నానాల గదిలకు జరపాలె" అన్నాడు అంతోనయ్య.

చేటలో బియ్యం ఏరుతున్న మరియ తలెత్తలేదు. "ఇన్నేండ్లు వాకిట్ల కాగిన నీళ్లు ఇప్పుడు కాగుతలేవా?"

"బకెట్ మోస్కపోయేసరికి సల్లారుతున్నయ్. ముసలోన్నైతున్న గద."

ఆ డిసెంబరులో ఇల్లందు మీదికి వీస్తున్న అడవి గాలి ఎముకలు కొరుకుతున్న మాట నిజమే. కానీ మరియ కోపం చలి మీద కాదు. నెలాఖరుకు అంతోనయ్య రిటైరవుతాడు. జీతం ఆగుతుంది, కంపెనీ ఇచ్చిన క్వార్టరూ పోతుంది. కొడుకు క్రిస్టోఫర్ బీకాం చదివి కిరాయి ఆటో నడుపుతున్నాడు. కోడలు నిండు నెలల మనిషి.

"ఇల్లే పోతుంటే బాయిలర్‌కు రిపేరంట! పోరగాని నౌకరీ సంగతి ఆలోచించవా?"

"ఆలోచిస్తనే ఉన్న."

"అవ్ అవ్, సూస్తనే ఉన్న నీ ఆలోచన. దానికి ముసిముసి నవ్వులొకటి!"

మర్నాడు చిల్లుపడ్డ గిన్నెలకు మాట్లు వేసే జంపయ్య వచ్చాడు. అది అంతోనయ్య పెళ్లినాటి రాగి బాయిలర్. మధ్యలో నిలువు గొట్టం, గొట్టంలో బొగ్గు, చుట్టూ నీళ్లు. జంపయ్య అడుగున పేరుకున్న సున్నం గీకాడు. తుప్పుపట్టిన జల్లెడ తీసి కొత్తది బిగించాడు. కారుతున్న చోట మాటు వేశాడు. చింతపండు పెట్టి తోమితే బాయిలర్ పెళ్లికూతురిలా మెరిసింది.

"మంచిగ చెయ్యి. ఇంకో పదేండ్లు నడవాలె" అన్నాడు అంతోనయ్య పక్కనే గొంతుక్కూచుని.

"నువ్వు నడుస్తవో లేదో గాని అన్నా, ఇది నడుస్తది" నవ్వాడు జంపయ్య. "అయితే లోపట పెడితె మాత్రం గోడకు బొక్క కొట్టి పొగ గొట్టం బయటికియ్యాలె. నన్ను కొట్టమంటవా?"

"ఖాళీ చేసే క్వార్టర్‌కు బొక్కలెందుకు? కంపెనీవోళ్లు నన్నడుగుతరు. బొగ్గు బయట్నే రాజేసి, పొగంత పోయినంక లోపట పెట్టుకుంట."

"కిటికీ అన్న తీసి పెట్టుకో మరి."

"సరె తియ్యి. నీ పనైపోయింది, ఇంక నువ్వు ఇంటికి పో."

బాయిలర్‌ను లోపలికి జరపడం మాత్రం పండుగ అయ్యాకే అన్నాడు. క్రిస్మస్‌కు ముదిగొండ నుంచి చుట్టాలొస్తారు, గది ఇరుకవుతుందట. పండుగ బాగానే జరిగింది. అంతోనయ్య కొత్త చొక్కా తొడుక్కుని చర్చిలో అందరికంటే గట్టిగా పాడాడు. కోడలికి ఇష్టమని అరిసెలు తనే దగ్గరుండి చేయించాడు. "ఈయనకేమైంది? రిటైరైతున్న మనిషి మొహమేనా ఇది?" అని మరియ విసుక్కుంది కూడా.

చుట్టాలు వెళ్లిన మర్నాడు పొద్దున్నే వాకిట్లో బొగ్గు రాజేశాడు. పొగ తగ్గి నిప్పు ఎర్రగా కణకణలాడేదాకా కూచున్నాడు. కొడుకూ తనూ కలిసి బాయిలర్‌ను మోసి గదిలో పెట్టారు.

"మొదటి స్నానం నాదే. ఎట్ల కాగుతదో సూసి చెప్త. అందాక ఎవరు రావద్దు."

"రాజుగారి స్నానం మరి! దండోరా ఎయ్యమంటవా?" అంది మరియ.

లోపల గడియ పడింది.

అన్నం ఉడికి గంజి వార్చినా గడియ తీయలేదు. మరియ పిలిచింది. తలుపు కొట్టింది. చివరికి క్రిస్టోఫర్ భుజంతో తోసి తలుపు విరగ్గొట్టాడు. అంతోనయ్య గోడకు ఆనుకుని, నిద్రపోతున్నట్టు ఉన్నాడు. మొహం ఎర్రగా ఉంది. ఒంటి మీద చుక్క నీళ్లు పడలేదు.

ఎస్సై ఆ ఊరికి కొత్తగా వచ్చినవాడు. అతను గది చూస్తుండగా యూనియన్ లీడర్ రాందాస్ క్రిస్టోఫర్‌ను పక్కకు తీసుకెళ్లాడు.

"ఏడ్వకు బిడ్డా. నాయిన సర్వీసుల ఉండంగ పోయిండు. ప్రమాదమని తేలితే నీకు నౌకరీ ఇస్తరు, క్వార్టర్ గూడ మీకే ఉంటది. వేరే ఏమన్న అనుమానం పడితే మాత్రం ఏమీ రాదు. నువ్వు మాట్లాడకు."

ఎస్సై వాకిట్లోకి వచ్చాడు. కాలనీ అంతా అక్కడే ఉంది.

"కిటికీకి గోనెసంచి ఎవరు కుక్కారు?"

"ఆయనే సార్, సలికి" అంది పక్కింటి బతుకమ్మ.

"బొగ్గు కుంపటి పెట్టుకుని గది మూసుకుంటారా ఎవరైనా?"

"పొగ లేదు గద సార్" అన్నాడు జంపయ్య. "పొగ కనబడకుంటె నిప్పు మంచిదే అనుకుంటం మేం. ఆయన గూడ గట్లనే అనుకున్నడు."

"అవ్ సార్, మాకేం తెలుస్తది" అన్నారు నలుగురైదుగురు ఒక్కసారే.

"ఇంతకీ ఏం పని చేసేవాడు?"

అందరూ రాందాస్ వైపు చూశారు. మరియ కొంగు నోట్లో కుక్కుకుంది.

రాందాస్ గొంతు సవరించుకున్నాడు. "బాయి పని సార్. గనిల."

"చదువుకున్నాడా?"

"యాడి సదువు సార్! పాతకాలపోడు."

"పాపం, అమాయకుడు" అన్నాడు ఎస్సై. టోపీ సర్దుకుని, ప్రమాదమేనని చెప్పి జీపెక్కాడు.

ముప్పై ఏళ్లుగా షిఫ్టుకు ముందు అందరికన్నా ముందే గనిలోకి దిగి, పొగా వాసనా లేకుండా మనిషిని చంపే గాలి ఏ మూల ఉందో కనిపెట్టి, ఆ తర్వాతే ఆ వాకిట్లో నిలబడ్డ కార్మికులందర్నీ లోపలికి పంపింది అంతోనయ్యే.