ఆర్లో విసిరిన బంతి

నిన్నటి బేస్‌బాల్ ఆటలో వెండెల్ జట్టువాడు విసిరిన బంతికి అవతలి ఆటగాడి దవడ పగిలింది. ఇవాళ అందుకు బదులుగా ఎవరో ఒకరు దెబ్బ తినాలి. బ్యాటు పట్టుకుని నిలబడిన వెండెల్‌కు ఆ ఒకరు తానేనని అనుమానం.

ఎదురుగా బంతి విసరబోతున్నది ఆర్లో. పోయినేడు ఇద్దరిదీ ఒకే జట్టు, ఒకే గది. పొద్దున పలకరిస్తే మాత్రం ముఖం తిప్పుకుని పోయాడు.

వెనకాల గొంతుక్కూర్చున్న క్యాచర్ కిసుక్కుమన్నాడు. "ఏం బాబూ, కాళ్లు వణుకుతున్నాయే? ఇంకాస్త ముందుకు జరుగు."

మొదటి బంతి దూరంగా పోయింది. నన్ను ఏమార్చడానికే, అనుకున్నాడు వెండెల్. రెండోది సూటిగా వచ్చి తొడకు తగిలింది. పల్లీలు నములుతున్న జనం లేచి నిలబడ్డారు.

వెండెల్ బ్యాటు విసిరేసి ఆర్లో మీదికి ఉరికాడు. కాలరు పట్టుకున్నాడు. "కావాలనే కొట్టావు కదరా! ఒకే కంచంలో తిన్నాం కదరా!"

"అవును, కావాలనే కొట్టాను," అన్నాడు ఆర్లో, పెదవులు కదలనీయకుండా. "మా కోచ్ నీ తలకి గురిపెట్టమన్నాడు. నేను కాదంటే ఇంకొకణ్ణి దింపుతాడు. వాడికి నువ్వెవరో తెలీదు. తొడకైనా దెబ్బ దెబ్బే. ఇక నీ జోలికి ఎవడూ రాడు."

వెండెల్ పట్టు సడలింది.

"వదలకురా పిచ్చోడా, మా కోచ్ ఇటే చూస్తున్నాడు! గట్టిగా ఒక్కటి పీకు."

వెండెల్ కళ్లు మూసుకుని పీకాడు.