రాహేలు పేరు మీద బండి

"మీ పేరు మీద మోటారు సైకిల్ లోను ఉంది. రెండేళ్లుగా కిస్తీలు కట్టలేదు. అందుకే ఇంటికి లోన్ ఇవ్వలేం," అన్నాడు బ్యాంకు మేనేజరు హిందీలో, క్రెడిట్ రిపోర్టు ముందుకు జరిపి.

రాహేలు తెల్లబోయింది. తెలుగువాళ్ల బస్తీ పద్మనగర్‌లో కుట్టుమిషను మీద బతికే మనిషి. అంజూర్ ఫాటా దగ్గర సొంతంగా ఒక్క గది ఖోలీ కొనుక్కోవాలని ఆమె ఆశ.

"నేను ఏ బండీ కొనలే సాబ్. ఎవరో నా పేరు వాడుకున్నరు."

"అయితే రిపోర్టు తప్పని రాసివ్వండి. అది మీ హక్కు. లోను కాగితాల మీద సంతకం మీది కాదని తేలితే ఆ లోను మీ పేరు మీంచి తీసెయ్యాల్సిందే."

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. తోడొచ్చిన తమ్ముడు సాల్మన్ వైపు తిరిగి, "కాయితం రాయి తమ్మీ," అంది.

సాల్మన్ తలెత్తలేదు. "ఎందుకక్కా గీ లొల్లి? ఇంటికి పోదాం పా. ఆ బాకీ నేనే ఎట్లనో కడత."

"నువ్వెందుకు కడతవ్?"

తల్లి పోయాక ఆమె చేతుల్లో పెరిగినోడు. తొలి జీతంతో కొన్నానంటూ కొత్త బండి మీద ఆమెను చర్చికి తీసుకుపోయినోడు. ఇప్పుడు గోళ్లు గిల్లుకుంటూ కూచున్నాడు.

"ఎవరి మీదైనా అనుమానం ఉందా?" అడిగాడు మేనేజరు.

రాహేలు పెన్ను తీసి తమ్ముడి చేతిలో పెట్టింది.

"నేను తీసుకోలేదని రాయి. తీసుకున్నోని పేరు గూడ నువ్వే రాయి."

సాల్మన్ రాయడం మొదలుపెట్టాడు. ఆమె అటు చూడలేకపోయింది.