వేప పూసిన కబురు

ప్రేమ పేరు చెప్పి అబద్ధమాడేవాడా, తల దించుకుని ఇది విను.

మహానగరంలో ఒక మేడ మీది నీళ్ల ట్యాంకు పావురానిది. చలికాలం రాగానే మంచుకొండల నుంచి ఒక తోకాడించే పిట్ట ఆ మేడ మీదికి వచ్చేది. రాత్రంతా వెలిగే దీపాల వల్ల పొద్దు పెరిగిందో లేదో, తిరిగి వెళ్లే వేళయిందో లేదో దానికి తెలిసేది కాదు.

"వెనకవీధిలో వేప పూయగానే చెప్పు బావా. ఊరి బయట చెరువు దగ్గర మా గుంపును కలుసుకోవాలి," అనేది.

పావురం ఏటా చెప్పేది. ఆపైన ఆరు నెలలు ఉత్తరం వైపే చూస్తూ కూర్చునేది.

ఆ ఏడు కూడా వేప పూసింది. చెబితే మళ్లీ ఆరు నెలలు ఖాళీ ఆకాశమే.

"పూసిందా బావా?"

"ఎక్కడ మరదలా! ఇంకా చిగురే."

ఇరవై రోజులు అదే మాట చెప్పింది. ఆ తర్వాత కాకి వచ్చి వాలింది.

"ఒసే తోకపిల్లా, ఇంకా ఇక్కడే ఉన్నావా? వేప పూత రాలి పిందెలు కూడా పడ్డాయే!"

పిట్ట పావురాన్ని ఒక్క చూపు చూసి ఎగిరిపోయింది. చెరువు దగ్గర గుంపు లేదనీ, అంత దూరమూ ఒంటరిగానే బయలుదేరిందనీ ఆనక కాకి వచ్చి చెప్పింది.

మళ్లీ చలికాలం వచ్చింది. పిట్ట బతికే వచ్చింది, కానీ ఎదురు మేడ మీద దిగింది. ఈసారి వేప పూసిన పొద్దుటే పావురం గొంతు చించుకుని అరిచింది. "పూసింది మరదలా, పూసింది!"

పిట్ట తన పక్కన వాలి ఉన్న కాకి వైపు తిరిగింది.

"నిజమేనా కాకమ్మా?"