వాకబు

కంకిపాడులో బస్సు దిగగానే శౌరయ్య తన చొక్కా గుండీ తనే పీకేసుకున్నాడు.

టైలరు దగ్గర కూర్చోవడానికి ఓ వంక కావాలి మరి.

కూతురు మార్తకు సంబంధం వచ్చింది. పిల్లాడు ఈ ఊరి ఆమోసు కొడుకు, బ్యాంకు ఉద్యోగి. ఆమోసు లారీ నడిపే రోజుల్లో జైలుకెళ్ళాడని ఎవరో చెవిన వేశారు. అప్పట్నుంచి శౌరయ్యకు నిద్ర లేదు.

చర్చి వాళ్ళనడిగితే ఒకరినొకరు వెనకేసుకొస్తారు. అందుకే ఆమోసు వీధి మొదట్లో మిషను కుట్టుకునే కరిముల్లాని ఎంచుకున్నాడు. తన తెలివికి తనే మురిసిపోయాడు.

"ఆమోసు తెలుసా సాయిబుగారూ?"

గుండీ కుడుతున్న ముసలాయన తలెత్తాడు.

"పిల్లనిస్తున్నారా? కళ్ళు మూసుకుని ఇవ్వండి."

"జైలుకెళ్ళాడటగా?"

"లారీ కింద ఓ పిల్ల పడిందండి. పోలీసులు తీసుకెళ్ళారు. తర్వాత కేసు కొట్టేశారు."

"కొట్టేయించుకున్నాడేమో!"

"తప్పు ఆయనది కాదండి. పిల్లే చెయ్యి విదిలించుకుని రోడ్డు మీదకి పరిగెత్తింది. నేను చూశాను. కోర్టులోనూ అదే చెప్పాను."

"నువ్వా?"

"ఆ తర్వాత ఆయన మళ్ళీ స్టీరింగు ముట్టలేదు. ఆటోనగర్లో స్పేర్ పార్టుల కొట్టు పెట్టుకున్నారు. మంచి మనిషండి."

శౌరయ్యకు ఒళ్ళు మండింది. వెతికి వెతికి వాళ్ళ సాక్షి దగ్గరికే వచ్చి పడ్డాడు!

"అప్పుడెంత ముట్టింది? ఇప్పుడెంత ముట్టింది?"

కరిముల్లా దారం కొరికి చొక్కా చేతికిచ్చాడు.

"పిల్లాడు కూడా బంగారమండి" అన్నాడు.

శౌరయ్య విసవిసా ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్‌లోకి వెళ్ళి మధ్యవర్తికి ఫోన్ చేశాడు.

"జైలు కూడు తిన్న కొంపకి నా పిల్లనివ్వనని ఆమోసుకి చెప్పెయ్యండి. ఆ గన్నవరం సంబంధం వాళ్ళకి మాటిచ్చెయ్యండి. ఇప్పుడే!"

ఫోన్ పెట్టేశాక కూడా మనసు కుదుటపడలేదు... బూత్‌లో కూర్చున్నావిడతో కడుపులో మాట కక్కేశాడు.

"ఆ టైలరు ఒట్టి దొంగ సాక్షమ్మా. డబ్బుకి గడ్డి తిన్నాడు."

ఆవిడ నిర్ఘాంతపోయింది.

"కరిముల్లా గారా? ఆయన సాక్ష్యం చెబుతుంటే కోర్టులో ఏడవని వాళ్ళు లేరండీ!"

"ఏడవడమెందుకు?" అన్నాడు శౌరయ్య.

"లారీ కింద పడి చచ్చిపోయింది ఆయన కూతురేనండీ."