ఊఁ, కానివ్వండి

"మన లోకల్ టీవీ చరిత్రని సినిమాగా తీశారు. అందులో గేటు దగ్గర కుక్క కూడా ఉంది. మా ఆయన లేడు," అంది కెమెరామన్ భార్య, ఎడిటింగ్ గది తలుపు తోసుకొని వస్తూనే.

మేనేజర్ కుర్చీ లాగాడు. "కూర్చోండమ్మా. ఆయనెప్పుడూ కెమెరా వెనకే కదా. ఎంత వెతికినా ఒక్క బొమ్మా దొరకలేదు."

"కూర్చోడానికి రాలేదు. నడుం విరిగేదాకా మోశాడు మీ కెమెరాని. మనిషి పోతే చూడ్డానికైనా రాలేదు మీరు. ఇప్పుడు బొమ్మ లేదంటారా?"

మేనేజర్ కొత్త ఎడిటర్ వైపు చూశాడు. "నువ్వు చెప్పవయ్యా, టేపులన్నీ చూశావుగా."

"చూశానండీ. నా ప్రాణం తీశాయి. ప్రతి షాట్ ముందూ ఎవరిదో ఒకటే గొణుగుడు. మొత్తం కోసి చెత్తలో పడేశాను."

"ఏమని గొణుగుడు?" అందామె.

ఆ గొంతు ఎవరిదో ఎడిటర్‌కి తెలియదు. కంప్యూటర్‌లో 'చెత్త' అని పేరు పెట్టుకున్న ఫోల్డర్ తెరిచి, ముక్కలు వరసగా వినిపించాడు.

"ఊఁ, కానివ్వండి." వెనక వాన చప్పుడు. "ఊఁ, కానివ్వండి." ఎక్కడో ఊరేగింపు. మంత్రికీ అదే మాట, వీధి ఊడ్చే మనిషికీ అదే మాట. రానురాను ఆ గొంతులో ఆయాసం.

ఆమె కుర్చీని గట్టిగా పట్టుకుంది. మేనేజర్ తల దించుకొని, "ఆపవయ్యా," అన్నాడు.

"ఆపితే ఊరుకోను," అందామె.

చివరి ముక్క వచ్చింది. "ఊఁ, కానివ్వండి."

ఆమె కళ్లు తుడుచుకొని మేనేజర్ వైపు తిరిగింది.

"విన్నారుగా, కానివ్వమంటున్నాడు. ఇందాక ఎక్కడ ఆపాను? ఆఁ, మనిషి పోతే చూడ్డానికైనా రాలేదు మీరు..."