ఎర్ర తోక విమానం

“గా విమానం బొమ్మ ఇయ్యలేను సార్. ఒకామె కావాలని ఫోన్ చేసింది,” అన్నాడు పాత సామాన్ల నర్సింహులు.

శివకుమార్ బిజినేపల్లిలో పెండ్లి భోజనం చేసి వనపర్తికి తిరిగొస్తూ, ఊరి మొదట్లోని ఆ దుకాణం ముందు స్కూటర్ ఆపాడు. తుక్కు మీద ఎర్ర తోక విమానం, మెట్ల మీద చేతులు జోడించిన ఎయిర్ హోస్టెస్! ఎప్పటిదో విమాన కంపెనీ పోస్టరు. ఇంతవరకు విమానం ఎక్కలేదు గానీ, ఇలాంటివి సేకరించడమంటే అతనికి పిచ్చి.

“ఇసొంటిదే మా ఇంట్ల అద్దం కట్టించి పెట్టిన. గాని అది ఇంత బాగలేదు. దీని రంగు జూడు, ఎంత తేటగున్నదో!”

“ఒకటుండంగ ఇంకోటెందుకు సార్?”

“జోడి దొరికితె ఎవడన్న ఇడుస్తడా?”

ఫోన్ మోగింది. నర్సింహులు విని, ఫోన్‌కు అరచెయ్యి అడ్డం పెట్టాడు. “ఆమెనే. మిక్సీ ఇస్తదంట.”

శివకుమార్ చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టాడు.

“ఇక్కడ సారు గడియారం ఇస్తుండమ్మా... ఆఁ? పట్టుచీరనా?” నర్సింహులు కళ్లు పెద్దవయ్యాయి. “గద్వాల చీరంట సార్! ఆమె పెనిమిటికి ఈ బొమ్మంటె పానమంట. ఏడుస్తుంది.”

“నాకు తెల్వదా! నాగర్‌కర్నూల్ గిరిధర్ పెండ్లాం అయ్యుంటది. వాడూ ఇవే జమ చేస్తడు. తాను రాకుండ ఆమెతోని నాటకమాడిస్తుండు.”

పైకి అలా అన్నాడు గానీ లోపల కుళ్లుకున్నాడు. గిరిధర్‌కు ఎంత మంచి భార్య దొరికింది! తన మమత ఈ పోస్టర్లను చెత్త అంటుంది.

ఆ కుళ్లులోనే స్కూటర్ తాళంచెవి తీసి నర్సింహులు చేతిలో పెట్టాడు.

“స్కూటరే ఇస్తుండమ్మా! ఇంగ నేనేం జేయాలె?” అన్నాడు నర్సింహులు ఫోన్లో. అవతల వెక్కిళ్లు వినిపించి ఆగిపోయాయి.

శివకుమార్ పోస్టరును తువ్వాలులో చుట్టి, కిక్కిరిసిన ఆటోలో ఎవరి మోచెయ్యీ తగలకుండా నెత్తి మీద పట్టుకుని, గెలిచినవాడిలా ఇల్లు చేరాడు. మమత గడపలో కూర్చుని ఉంది. కళ్లు వాచిపోయాయి. అతను గబుక్కున పోస్టరును వీపు వెనక దాచాడు.

“ఏమైంది?”

“తిట్టనంటె చెప్త. ఇల్లు దులుపుతుంటె నీ విమానం బొమ్మ కిందవడి అద్దం పలిగింది. కోపంల పాత సామాన్ల ఆటోల ఏసిన. మళ్ల మనసొప్పక, నా పెండ్లిచీర ఇస్త, తిరిగియ్యమని దుకాణపోన్ని ఫోన్ల బతిలాడిన...”

కొంగుతో ముక్కు తుడుచుకుంది.

“ఎవడో తిక్కలోడు స్కూటరిచ్చి పట్టుకపోయిండు!”