రెండో సంతకం

"చక్రాల కుర్చీ ఒకటి కావాలయ్యా."

క్లబ్బు తలుపు తీసీ తియ్యకముందే అడిగింది ఆవిడ.

మధ్యాహ్నం రెండు గంటలు. ఊరంతా తలుపులు బిగించుకుని కునుకు తీస్తోంది. క్లబ్బు కార్యదర్శి సిల్వానో ఒక్కడే మేలుకుని, కొమ్ము లోటాలో ఆకు మీద చల్లనీళ్లు పోసుకుని తెరెరే పీలుస్తున్నాడు.

"ఎవరమ్మా నువ్వు?"

"నా పేరు హసింతా. అదుగో, మా నాన్న."

అరుగు మీద ఒక ముసలాయన గోడకు ఒరిగి పడి ఉన్నాడు. రెండు కాళ్లూ వాచి నున్నగా మెరుస్తున్నాయి.

"ఎగువ నుంచి పశువుల లారీలో వచ్చాం. లారీవాడు ఇక్కడ దించేసి పోయాడు. నాలుగింటి పడవకి అసున్సియోన్ పెద్దాసుపత్రికి పోవాలి. నడవలేని రోగిని పడవలో ఊరికే ఎక్కించుకోరంట. కుర్చీ ఉంటేనేనంట."

అదీ నిజమే. వానలకు రోడ్డు మూసేశారు. పడవ వారానికి ఒక్కసారే వస్తుంది.

"ఈ వారం దాటితే ఆశ పెట్టుకోవద్దంది డాక్టరమ్మ."

సిల్వానో జేబు తడుముకున్నాడు. తాళంచెవి ఉంది. వెనక గదిలో నాలుగు కుర్చీలున్నాయి, ఎవరో పేరు చెప్పకుండా క్లబ్బుకు పంపినవి.

కానీ రూలు కూడా ఉంది.

ఆ క్లబ్బుకు ముప్పయ్యొక్కేళ్లు. బడికి సున్నం వేయించింది. ముసలివాళ్లకు కళ్లజోళ్లు పెట్టించింది. దిక్కులేనివాళ్లకు శవపెట్టెలిచ్చింది. ఒకప్పుడు కుర్చీలు కూడా అడిగినవాళ్లకు అడిగినట్టే ఇచ్చేది. ఒక కుర్చీ పోయింది పోయినట్టే తిరిగి రాలేదు.

ఆ నెల సమావేశంలో రూలు రాసుకున్నారు. కుర్చీ కావాలంటే ఇద్దరు సభ్యులు పూచీ పడి సంతకం పెట్టాలి. తాళం ఉన్నవాడి సంతకం చెల్లదు.

చేతులెత్తినవాళ్లలో సిల్వానో కూడా ఉన్నాడు.

"ఈ ఊళ్లో మిమ్మల్ని ఎరిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

హసింతా తండ్రి వైపు చూసింది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఎవరూ లేరయ్యా."

సిల్వానో కాగితం పట్టుకుని బయల్దేరాడు. మొదట మందులషాపు ఫెర్మీన్ ఇల్లు. ఆయనే క్లబ్బు అధ్యక్షుడు. నిద్రకళ్లతో తలుపు తీసి కాగితం చూశాడు.

"ఎవరి తాలూకు?"

"ఎవరి తాలూకూ కాదు. రోగి."

"అయ్యో పాపం! ఇవ్వాల్సిందే. మొదటి సంతకం ఎవరిదైనా పడనీ, రెండోది నాదే. అధ్యక్షుణ్ని నేనే ముందు పెడితే మిగతావాళ్లని ఒత్తిడి చేసినట్టుంటుంది సిల్వానో."

తర్వాత రొట్టెల బెనీతా. మోచేతులదాకా పిండి.

"ఫెర్మీన్ పెట్టాడా?"

"రెండోది పెడతాడంట అక్కా."

"ఓహో! బురదలో ముందు నేను దిగాలి, ఆయన నా వీపు మీద కాలేసి దాటతాడా? మా మరిదికి పూచీ పడ్డందుకే ఏడాదిపాటు తిట్లు తిన్నాను. పోయి ఆయన చేత పెట్టించుకురా తమ్ముడూ, కళ్లు మూసుకుని రెండోది నేను గీకేస్తా. ఇవిగో, వేడి చిపా రొట్టెలు. పాపం, ఆ పెద్దాయనకి పెట్టు."

ఐదు గడపలు తిరిగాడు. ఐదుగురూ మంచివాళ్లే. ఐదుగురూ రెండో సంతకానికి సిద్ధం.

తిరిగొచ్చేసరికి మూడున్నర.

"పెట్టారా అయ్యా?"

"రెండోది పెట్టడానికి ఐదుగురున్నారమ్మా. మొదటిదే దొరకలేదు."

ఆవిడకు ఏమీ అర్థం కాలేదు. "తాళం మీ దగ్గరే ఉంది కదా?"

"ఉంది. అదే వచ్చిన చిక్కు."

"తియ్యలేరా?"

"ఆ తాళం తీస్తే నన్ను తీసేస్తారమ్మా."

అరుగు మీది మనిషి మొదటిసారి నోరు విప్పాడు.

"అడిగావు. లేదన్నారు. ఇంకోసారి అడక్కు తల్లీ."

హసింతా శాలువాతో తండ్రిని వీపుకు కట్టుకుని లేచింది. రేవుకు ఎనిమిది వీధులు. దారంతా ఎర్రబురద. ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా సిల్వానో గడపలోనే నిలబడ్డాడు. ముందుకు పోలేడు, లోపలికీ రాలేడు. చేతిలో చిపాలు చల్లారిపోయాయి.

నాలుగింటికి పడవ కూత వేసింది.

ఆ కూతకు ఏమైందో, తాళం తీశాడు. కుర్చీ ఒకటి లాగి బురదలో పడుతూ లేస్తూ తోసుకుంటూ పరుగెత్తాడు.

చేరేసరికి పడవ నది నడిమికి పోయింది.

రేవు రేకులపాక కింద హసింతా ఒళ్లో తండ్రి పడుకుని ఉన్నాడు. కుర్చీ లేందే ఎక్కనివ్వలేదట. ఇద్దరూ కలిసి ఆయన్ని కుర్చీలోకి ఎత్తారు. ఆయన చెయ్యి జార్చి చక్రం మెల్లగా ఒక చుట్టు తిప్పి చూశాడు.

"కుడివైపు లాగుతోంది. నూనె వెయ్యండి," అన్నాడు.

సిల్వానో నూనె తెచ్చి వేశాడు.

మళ్లీ పడవకు ఏడు రోజులు. అందాకా తండ్రీకూతుళ్లు క్లబ్బులోనే ఉన్నారు. రోడ్డు తెరవలేదు. బెనీతా రోజూ సూపు పంపింది. ఫెర్మీన్ వచ్చి నాడి చూసి, మందులిచ్చి పోయాడు. తాళం తీసినందుకు సిల్వానోను ఎవరూ ఏమీ అనలేదు.

ఐదో రోజు పొద్దున్న ముసలాయన కుర్చీలోనే తల వాల్చేశాడు.

క్లబ్బు శవపెట్టె ఇచ్చింది. దానికి పూచీ అక్కర్లేదు. తిరిగి తెచ్చేది కాదు కదా. ఐదుగురూ తలలు వంచుకుని వచ్చారు. పెట్టె కాగితం మీద అడక్కుండానే అందరూ సంతకాలు పెట్టారు.

పై వివరాలు రాయడం సిల్వానో వంతు.

"పేరమ్మా?"

"పొలికార్పో."

"ఏం పని చేసేవాడు?"

"సైకిళ్లు బాగుచేసేవాడు," అంది హసింతా, తండ్రి వేళ్లు సర్దుతూ. "పేరు రాయకుండా పశువుల లారీలో మీకు పంపిన ఆ కుర్చీలన్నీ ఆయన చేతివే, చెప్పొద్దన్నాడు."